ఆ రేడియేషన్ ఎక్కడిది?

స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించిన మందు కొన్ని గంటల నుంచి కొన్ని వారాల దాకా రేడియేషన్ వెలువరిస్తూనే ఉంటుంది. ప్రమాదంలో ఒంట్లో చేరిన రేడియోధార్మిక పదార్థం చేసేదీ అదే పని. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఆరోగ్యంగా ఉన్నవాణ్ని బాధితుడనుకుంటాం, అసలు బాధితుణ్ని ఇంటికి పంపేస్తాం.

2011లో అమెరికా సరిహద్దు దాటుతున్న ఇద్దరి దగ్గర రేడియేషన్ డిటెక్టర్లు మోగాయి. రేడియేషన్ వస్తున్నది వాళ్ల ఒంట్లోంచే. ఇద్దరూ అంతకు కొన్ని నెలల కిందట గుండెకు పెట్ స్కాన్ చేయించుకున్నారు. ‘స్కాన్ మందు తాలూకు రేడియేషనే కదా’ అని ఫైలు మూసేయడానికి ఆ ఒక్క మాట చాలు. కానీ లెక్క కుదరలేదు. ఆ స్కాన్‌లో వాడిన రుబీడియం-82 అర్ధాయువు 75 సెకన్లు. అంటే ప్రతి 75 సెకన్లకూ అది సగానికి సగం తరిగిపోతుంది. అరగంట గడిచేసరికి కోటిలో ఒక వంతు కూడా మిగలదు. అలాంటిది నెలల తర్వాత సరిహద్దులో మోగడమేమిటి? ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. రుబీడియంను అందించే జనరేటర్‌లోనే ఉండిపోవాల్సిన స్ట్రాన్షియం దాంతోపాటు రోగుల రక్తంలోకి జారింది. స్ట్రాన్షియం-82 అర్ధాయువు 25 రోజులు, దాని వెంట ఉండే స్ట్రాన్షియం-85ది 65 రోజులు. పైగా అది క్యాల్షియం వర్గానికి చెందింది కాబట్టి ఎముకల్లో తిష్ఠ వేస్తుంది. ఆ ఏడాది జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ జనరేటర్లు వాడొద్దని ఆస్పత్రులను హెచ్చరించింది. తయారీదారు వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాడు.

ఈ ఉదంతంలో యంత్రం అబద్ధం చెప్పలేదు, రోగులూ చెప్పలేదు. యంత్రం రేడియేషన్ ఉందంది, ఉంది. రోగులు స్కాన్ అయిందన్నారు, అయింది. ఆ రెండు నిజాలనూ ముడిపెట్టి ‘అయితే ఇది మామూలే’ అనుకుని ఉంటే ఆ లోపం ఇంకెంతమంది ఎముకల్లోకి చేరేదో! ఈ కథనం చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఒంట్లో రేడియేషన్ కోసం చేసే ఏ పరీక్షలోనైనా యంత్రం చూపే అంకె సగం జవాబే. అది ఏ పదార్థం, ఎప్పుడు, ఏ దారిన ఒంట్లోకి వెళ్లింది అన్నది మిగతా సగం. ఆ రెండో సగం రాబట్టే ప్రశ్నను పరీక్ష చివర్లో కాక మొదట్లోనే అడగాలి. అడిగాక వచ్చిన జవాబును నమ్మి ఊరుకోకుండా దాన్నీ కొలవాలి. మన పరీక్షా పద్ధతులు జనం ఒంట్లో ఏ రేడియోధార్మిక మందూ ఉండదన్న పాత ఊహ మీద నడిస్తే కుదరదు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి లాంటి ఊళ్లలో పెట్ స్కాన్, బోన్ స్కాన్ అన్నవి క్యాన్సర్ రోగుల ఇళ్లలో రోజువారీ మాటలైపోయాయి. ఆ ఊహకు కాలం చెల్లింది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీయించుకున్న మనిషి ఒంట్లో ఏ రేడియోధార్మికతా మిగలదు. కిరణాలు ఒంటిలోంచి దూసుకుపోతాయి, మీట నొక్కడం ఆపగానే అవీ ఆగిపోతాయి. ఎమ్మారై, అల్ట్రాసౌండ్‌లకు ఈ కిరణాలతో సంబంధమే లేదు. న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్లు వీటికి పూర్తిగా తలకిందులు. అక్కడ కిరణాలు బయటి యంత్రం నుంచి ఒంట్లోకి కాదు, ఒంట్లోంచి బయటి కెమెరాకు వెళతాయి. అందుకోసం రేడియోధార్మిక పదార్థాన్ని, అంటే ట్రేసర్‌ను నరానికి ఎక్కిస్తారు, లేదా మింగిస్తారు. క్యాన్సర్ కోసం చేసే పెట్ స్కాన్‌లో ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు, ఎముకల స్కాన్‌కు టెక్నీషియం-99ఎం, గుండెకు టెక్నీషియం లేదా థాలియం-201, థైరాయిడ్‌కు టెక్నీషియం లేదా అయోడిన్. పోతే, వీటిలో అయోడిన్-131ది రెండు చేతులా పని. కాస్త ఇస్తే బొమ్మ తీయడానికి, ఎక్కువ ఇస్తే థైరాయిడ్ జబ్బును కాల్చడానికి.

ఎంత ఎక్కిస్తారన్నది తెలిస్తేగాని సమస్య పరిమాణం అర్థంకాదు. ఏ స్కానూ చేయించుకోని మనిషిలోనూ సహజ పొటాషియం వల్ల సుమారు 4,000 నుంచి 5,000 బెక్వెరల్ రేడియోధార్మికత ఎప్పుడూ ఉంటుంది. బెక్వెరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. పెట్ స్కాన్‌కు 10 మిల్లీక్యూరీల ట్రేసర్ ఎక్కిస్తే అది 37 కోట్ల బెక్వెరల్. సహజంగా ఒంట్లో ఉన్నదానికి 80 వేల రెట్లు! ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జపాన్ జనాన్ని కూచోబెట్టి కొలిచిన హోల్ బాడీ కౌంటర్లు కొన్ని వందల బెక్వెరల్ సీజియంను కూడా పట్టుకోగలిగేవి. అంత సున్నితమైన యంత్రం ముందుకు, మధ్యాహ్నం పెట్ స్కాన్ చేయించుకున్న మనిషి సాయంత్రం వెళితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అయితే అదే మనిషి రెండు రోజులాగి వెళితే కథ వేరు. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. ఒక రోజుకు 37 కోట్లు 40 వేల చిల్లరకు పడిపోతాయి, రెండో రోజుకు నాలుగైదు బెక్వెరల్ మిగులుతాయి. మూత్రంలో పోయేది ఈ లెక్కలోకి తీసుకోనేలేదు. టెక్నీషియం-99ఎం ఆరు గంటలకోసారి సగమవుతుంది. బోన్ స్కాన్‌కు ఇచ్చే 20 మిల్లీక్యూరీలు వెయ్యి బెక్వెరల్ లోపుకు రావడానికి అయిదు రోజులు కావాలి. అయోడిన్-131కు ఎనిమిది రోజులకో సగం.

విమానాశ్రయాలు, సరిహద్దుల్లో వాడే డిటెక్టర్ల విషయంలో ఈ లెక్కలను 2004లో అమెరికా రేడియాలజీ సదస్సులో ఒక వైద్య బృందం సమర్పించింది. పెట్ స్కాన్ రోగి 24 గంటల్లోపు, బోన్ స్కాన్, థైరాయిడ్ స్కాన్ రోగులు మూడు రోజుల దాకా, థాలియంతో గుండె పరీక్ష చేయించుకున్నవారు 30 రోజుల దాకా, అయోడిన్ చికిత్స పొందినవారు 95 రోజుల దాకా అలారం మోగించగలరని తేల్చింది. ఇవి కాగితం మీది అంకెలు కావు. 1986లోనే వైట్‌హౌస్ చూడబోయిన ఒక థాలియం స్కాన్ రోగి అక్కడి డిటెక్టర్‌ను మోగించాడని న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లు రాశారు. థైరాయిడ్ జబ్బుకు అయోడిన్ తీసుకున్న 34 ఏళ్ల వ్యక్తిని మూడు వారాల తర్వాత న్యూయార్క్ సబ్‌వేలో పోలీసులు రెండుసార్లు ఆపి బట్టలు విప్పించి మరీ సోదా చేశారని 2002లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన కేసులో ఒక పైలట్ ఆర్లాండో విమానాశ్రయంలో చిక్కుకున్నాడు. అయోడిన్ చికిత్స అయ్యి అప్పటికి ఆరు వారాలు. పిల్లల దగ్గరకని అమెరికా వెళ్లే మన అమ్మానాన్నల్లో థైరాయిడ్ చికిత్స అయినవాళ్లు తక్కువేమీ ఉండరు. భాష రాని చోట, యూనిఫాం వేసుకున్నవాళ్ల ముందు నిలబడి ఈ సంగతి వివరించడం ఎవరికైనా కష్టమే.

సోదాలతో పోయేది పరువూ, కాస్త సమయమూ. ప్రమాదం జరిగాక జనాన్ని వడకట్టే చోట పోయేవి వేరు. 1987 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌లోని గోయానియాలో మూతబడిన రేడియోథెరపీ కేంద్రం నుంచి దొంగిలించిన సీజియం-137 గుళిక పగిలి, నీలంగా మెరిసే పొడి చేతులు మారింది. సంగతి తెలిసేసరికి రెండు వారాలు దాటింది. అధికారులు ఫుట్‌బాల్ స్టేడియంలో జనాన్ని వరసగా నిలబెట్టి మొత్తం లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించారు. కాలుష్యం సోకినవాళ్లు 249 మంది తేలారు. వాళ్లలో 129 మందికి ఒంటి లోపలికీ చేరింది. 46 మందికి ప్రష్యన్ బ్లూ అనే మందు ఇచ్చారు. నలుగురు చనిపోయారు. ఈ అంకెలను ఇంకో వైపు నుంచి చూడండి. పరీక్షించిన వెయ్యి మందిలో నిజంగా కాలుష్యం సోకినవాళ్లు ఇద్దరికి కాస్త పైన. ఇప్పుడు అదే ప్రమాదం పెద్ద క్యాన్సర్ ఆస్పత్రులున్న నగరంలో జరిగిందనుకుందాం. ఆ వారంలో ఏదో ఒక స్కానో, థైరాయిడ్ చికిత్సో చేయించుకున్నవాళ్లు వెయ్యికి ఒక్కరే అనుకున్నా, మోగే ప్రతి మూడు అలారాల్లో ఒకటి ఆస్పత్రి తాలూకుదే అవుతుంది. ‘ఇలాంటి రోగులు ఎంతమంది ఉంటారు, వాళ్ల కోసం ఇంత హంగామానా’ అనేవారికి నా జవాబు ఇదే. రోగులు కొద్దిమందే. అసలు బాధితులు కూడా కొద్దిమందే. అందుకే వీళ్లూ వాళ్లూ కలిసిపోతారు.

అలా కలిసిపోతే జరిగే మొదటి నష్టం తేలికగా కనిపించేదే. బోన్ స్కాన్ చేయించుకున్న పెద్దాయన్ని బాధితుల జాబితాలో రాస్తారు. అక్కర్లేని మందులిస్తారు, కుటుంబాన్ని వేరుగా ఉంచుతారు, ఊళ్లో పుకారు లేస్తుంది. రెండో నష్టం లోతుగా ఉంటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ట్రేసర్ అసలు కాలుష్యాన్ని కప్పేస్తుంది.

హోల్ బాడీ కౌంటర్ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే ఈ కప్పడం అర్థమవుతుంది. మందపాటి ఇనుప గదిలోనో, సీసం గోడల మధ్యనో మనిషిని పడుకోబెట్టి, ఒంట్లోంచి వచ్చే ఒక్కో గామా కిరణం శక్తినీ యంత్రం కొలుస్తుంది. తెర మీద అది ఒక గ్రాఫ్. ఒక్కో ఐసోటోపు, అంటే ఒక్కో రకం రేడియోధార్మిక పదార్థం, ఒక్కో చోట శిఖరంలా లేస్తుంది. పొటాషియం 1,460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ప్రతి ఒక్కరిలోనూ కనిపిస్తుంది. సీజియం-137ది 662 దగ్గర, అయోడిన్-131ది 364 దగ్గర, టెక్నీషియంది 140 దగ్గర, పెట్ ట్రేసర్‌ది 511 దగ్గర. చిక్కేమిటంటే చాలా కిరణాలు డిటెక్టర్‌లో తమ శక్తినంతా వదలకుండా కొంత వదిలి తప్పించుకుపోతాయి. దాంతో శిఖరానికి ఎడమవైపు, తక్కువ శక్తుల దగ్గరంతా పొడుగాటి మేట పేరుకుంటుంది. పెట్ ట్రేసర్ బలంగా ఉన్నప్పుడు ఆ మేట 511 కింద ఉన్న ప్రదేశాన్నంతా నింపేస్తుంది. అమెరీషియం 59 దగ్గర, యురేనియం-235 186 దగ్గర లేపే చిన్న శిఖరాలు అందులో మునిగిపోతాయి. పెళ్లి బ్యాండు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినబడుతుందా? గుసగుస లేదని కాదు, మనకు వినబడదు. ‘ఇతనికి పెట్ స్కాన్ అయింది కాబట్టి మోగింది, ఇంకేం లేదు’ అన్న తీర్పు అందుకే ప్రమాదకరం. మొదటి మాట నిజమే కావచ్చు. రెండోదాన్ని ఆ పూట ఆ యంత్రం చెప్పలేదు.

కప్పడమే కాదు, ట్రేసర్ మారువేషమూ వేయగలదు. ఇన్ఫెక్షన్లు, కొన్ని కణితుల కోసం వాడే గాలియం-67 సంగతి తీసుకోండి. పెట్ స్కాన్ వచ్చాక దీని వాడకం తగ్గింది గానీ పోలేదు. దాని ముఖ్యమైన కిరణాలు 93, 184.6, 300 దగ్గర ఉంటాయి. ఇప్పుడు యురేనియం ధూళి పీల్చిన కార్మికుడి ఊపిరితిత్తులను కొలిచేటప్పుడు వెతికే గీతలు చూడండి. యురేనియం-238 వెంట ఉండే థోరియం-234ది 93 దగ్గర, యురేనియం-235ది 185.7 దగ్గర. ఒకటి కాదు, రెండు చోట్లా ఒకేలా! ఎక్కువగా వాడుకలో ఉన్న సోడియం అయోడైడ్ డిటెక్టర్‌కు 184.6కూ 185.7కూ తేడా తెలియదు. ఖరీదైన జర్మేనియం డిటెక్టర్‌కు తెలుస్తుంది, అదీ కాస్త జాగ్రత్తగా చూస్తే. 300 దగ్గరి మూడో గీత కోసం వెతికేవాడికి గుట్టు దొరుకుతుంది. అయితే ఆ మనిషికి స్కాన్ అయిందని తెలియనివాడు అక్కడ వెతకడం మొదలుపెడతాడా? హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. యురేనియంతో రోజూ పనిచేసే తెలుగువాళ్లు ఉన్నారు కాబట్టి ఇది మనకు ఎక్కడో పరాయి దేశపు చర్చ కాదు.

అయోడిన్-131 దగ్గరికొస్తే మారువేషం కూడా అక్కర్లేదు, రెండూ ఒకే పదార్థం. ఆస్పత్రిలో థైరాయిడ్ రోగికి ఇచ్చేదీ, చెర్నోబిల్ రియాక్టర్ ప్రమాదంలో పిల్లల గొంతుల్లో చేరిందీ అణువు అణువూ అదే. ఎంత గొప్ప డిటెక్టరైనా ఆ అణువు మీద ఆస్పత్రి ముద్ర చదవలేదు. చదవగలిగేది దాని వెంట వచ్చినవాటిని. రియాక్టర్ బద్దలైతే అయోడిన్ ఒంటరిగా రాదు. టెల్లూరియం-132, సీజియం-134, సీజియం-137 కలిసి వస్తాయి. ఈ తర్కం 2011 చివర్లో యూరప్‌కు పనికొచ్చింది. అక్కడ చాలా దేశాల గాలిలో కొద్దిగా అయోడిన్-131 కనిపిస్తే, ఫుకుషిమా ఏడాదే కావడంతో జనం కంగారుపడ్డారు. సీజియం తోడు లేదు కాబట్టి రియాక్టర్ కాదని నిపుణులు అంచనా కట్టారు. చివరికి బుడాపెస్ట్‌లో వైద్య ఐసోటోపులు తయారుచేసే సంస్థ నుంచి వచ్చి ఉంటుందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రకటించింది. మనిషి ఒంటికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది, కానీ ఒక మెలిక ఉంది. అయోడిన్-131కు 637 దగ్గర ఒక చిన్న గీత ఉంది. సోడియం అయోడైడ్ డిటెక్టర్ గ్రాఫ్‌లో అది వెడల్పుగా పరుచుకుని 662 దగ్గరి సీజియం గీతలోకి చొరబడుతుంది. ఆస్పత్రి అయోడిన్ మాత్రమే ఉన్న మనిషిలో సీజియం కూడా ఉన్నట్టు యంత్రం చూపొచ్చు. రియాక్టర్ ప్రమాదానికి తిరుగులేని సాక్ష్యం అనుకున్నది కాస్తా ఆస్పత్రి మందు చేసిన మాయ కావచ్చన్నమాట.

అణు కేంద్రాల ఉద్యోగుల విషయంలో ఈ సమస్య నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం ఉద్యోగికి అందే రేడియేషన్ మోతాదు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. వైద్యం కోసం తీసుకున్న మోతాదు ఈ ఖాతాలో కలపరు, కలపకూడదు. ఒక పెట్ స్కాన్ ట్రేసర్‌తో వచ్చేది సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు. స్కాన్ అయిన రోజే డ్యూటీకి వచ్చి, మెడలో రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ వేసుకుని తిరిగితే ఒంట్లోంచి వచ్చే కిరణాలను ఆ బ్యాడ్జీ కూడా నమోదు చేసుకుంటుంది. మూత్ర పరీక్షదీ అదే తంతు. 2009 నవంబర్‌లో కైగా అణు విద్యుత్ కేంద్రంలో తాగునీటి కూలర్‌లో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన సంగతి బయటపెట్టింది ఉద్యోగులకు మామూలుగా చేసే మూత్ర పరీక్షే. ట్రిటియం కిరణాలు చర్మం దాటి రాలేవు కాబట్టి ఎంత పెద్ద కౌంటర్ ముందు నిలబెట్టినా కనిపించదు. ఆ పరీక్ష అంత విలువైనది. స్కాన్ ట్రేసర్‌లో కొంత భాగం తొలి ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది కాబట్టి, ఆ రోజుల్లో ఇచ్చిన నమూనా ఆ పరీక్షనే కలుషితం చేస్తుంది.

ఇంతా చెప్పాక దీనికి పరిష్కారం ఖరీదైనదేమో అనిపిస్తుంది. కాదు. సగం పరిష్కారం గడియారంలో ఉంది. గ్రాఫ్ గీయలేని మామూలు గైగర్ కౌంటర్ చేతిలో ఉన్నా, అదే మనిషిని స్నానం చేయించి అదే దూరం నుంచి మర్నాడు మళ్లీ కొలవండి. పెట్ ట్రేసర్ అయితే సుమారు తొమ్మిది వేలల్లో ఒక వంతుకు పడిపోయి ఉంటుంది. టెక్నీషియం అయితే పదహారో వంతుకు దిగుతుంది. అయోడిన్-131 అయితే సహజ క్షయం వల్ల నూటికి ఎనిమిది వంతులే తగ్గుతుంది, ఒంట్లోంచి బయటికి పోయేది అదనం. సీజియం-137 అయితే దాదాపు కదలదు, దాని అర్ధాయువు 30 ఏళ్లు. అలాగే, మోగించిన మూత్రం నమూనాను పారబోయకుండా రెండు మూడు రోజులు దాచి మళ్లీ కొలిస్తే చాలా సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి. వేల మంది వరసలో ఉన్నప్పుడు ఇదంతా ఎలా కుదురుతుందన్నది సహేతుకమైన ప్రశ్నే. అందరికీ అక్కర్లేదు. మోగినవాళ్లను మాత్రమే ‘ఈ మూడు నెలల్లో ఏదైనా స్కాన్‌కు గానీ, థైరాయిడ్‌కు గానీ రేడియేషన్ మందు ఎక్కించారా, మింగించారా’ అని అడగాలి. అవునన్నవాళ్లలో గాయం, వాంతులు లాంటి లక్షణాలు లేనివాళ్లను వేరే వరసలో నిలబెట్టి రెండోసారి కొలవాలి. లక్షణాలుంటే స్కాన్ మాట పక్కనబెట్టి చికిత్స చూడాలి.

ఎవడైనా అబద్ధం చెప్పొచ్చు, దొంగ సర్టిఫికెట్ తేవచ్చు అన్నది భద్రతా సిబ్బంది అభ్యంతరం. నిజమే. ఆ మాటకొస్తే నిజం చెప్పిన రోగి ఒంట్లో కూడా చెప్పనిది ఉండొచ్చని స్ట్రాన్షియం ఉదంతం చూపించింది. అందుకే కాగితాన్ని యంత్రంతో, యంత్రాన్ని కాగితంతో సరిచూడమంటున్నాను. చేతిలో పట్టుకునే ఐసోటోపు గుర్తింపు పరికరాలు వచ్చాయి. వైద్య ఐసోటోపులను అవి పేరుపేరునా పట్టుకోవాలని అమెరికా ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. కాగితంలో టెక్నీషియం అని ఉండి, పరికరం కూడా టెక్నీషియమే అంటే పంపించేయొచ్చు. కాగితంలో వారం కిందటి పెట్ స్కాన్ ఉండి యంత్రం ఇంకా మోగుతుంటే ఆపాలి. ఆపి కసురుకోవడం కాదు, ఆ మనిషికి ఏదో తేడా జరిగి ఉండొచ్చని డాక్టర్‌కు చూపించాలి.

గోప్యత అభ్యంతరం దీనికంటే బరువైనది. నాకు దానికి పూర్తి జవాబు లేదు. ‘జబ్బు పేరు చెప్పక్కర్లేదు, మందు పేరు చెబితే చాలు’ అనడం తేలికే. కానీ అయోడిన్-131 అనగానే థైరాయిడ్ అని తెలిసిపోతుంది. పై అధికారికి తెలిస్తే పదోన్నతి ఏమవుతుందోనని భయపడి స్కాన్ సంగతి దాచే ఉద్యోగిని తప్పుపట్టలేం. కనీసం ఈ సమాచారం రేడియేషన్ రక్షణ అధికారి, వైద్యుడు దాటి పోకూడదన్న నియమం కాగితం మీద ఉండాలి, అది నిజంగా అమలవుతుందన్న నమ్మకం ఉద్యోగికి కలగాలి. ఆ నమ్మకం లేని చోట ఎన్ని ప్రశ్నలు అచ్చు వేయించినా జవాబులు రావు.

ఇదంతా రాస్తే జనం స్కాన్లకే భయపడతారేమోనన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. పెట్ ట్రేసర్‌తో వచ్చే 7 మిల్లీసీవర్ట్‌లు ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి అందే 2.4 మిల్లీసీవర్ట్‌లకు మూడింతలు. క్యాన్సర్ ఎంతదూరం పాకిందో తెలుసుకోవడానికి అది ఇవ్వదగ్గ ధరే. భయం పుట్టేది తెలియకపోవడం వల్ల. డాక్టర్ ముందుగా చెప్పిన అలారం మోగితే చికాకు కలుగుతుంది, చెప్పని అలారం మోగితే గుండె ఆగుతుంది. చరిత్రలో నిజంగా భయపడాల్సిన మందు ఒకటి ఉంది. 1930ల నుంచి 50ల దాకా రక్తనాళాల ఎక్స్‌రేల కోసం ఎక్కించిన థొరోట్రాస్ట్‌లో థోరియం ఉండేది. అది కాలేయంలో చేరి జీవితాంతం అక్కడే ఉండిపోయి, ఎంతోమందికి దశాబ్దాల తర్వాత కాలేయ క్యాన్సర్ తెచ్చింది. నేటి ట్రేసర్లను తక్కువ అర్ధాయువుతో ఎంచుకోవడం వెనక ఆ పాఠం కూడా ఉంది. అయితే చికిత్సల విషయంలో గాలి ఎదురు తిరుగుతోంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ, కొన్ని అరుదైన కణితులకూ ఇస్తున్న లుటీషియం-177 అర్ధాయువు ఆరున్నర రోజుల పైమాటే. దాన్ని ఒక పద్ధతిలో తయారుచేస్తే లేశమాత్రంగా కలిసే లుటీషియం-177ఎం అర్ధాయువు 160 రోజులు. అంటే అలారం మోగించే రోగుల సంఖ్యా, మోగించే రోజులూ రెండూ పెరగబోతున్నాయి.

కాబట్టి అడగాల్సినవాళ్లను అడుగుదాం. అణు ప్రమాద సన్నాహక డ్రిల్లుల్లో రెండు తెలుగు రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలు జనం నింపే పత్రంలో స్కాన్ ప్రశ్నను తెలుగులో చేర్చాలి. డ్రిల్లులో పాత్రధారుల్లో ఒకరిద్దరిని ట్రేసర్ రోగులుగా నిలబెట్టి సిబ్బంది ఏం చేస్తారో చూడాలి. ఆస్పత్రులు ట్రేసర్ వివరాలను ఇంగ్లిష్ రిపోర్టు మొదటి పేరాలో ఇరికించి వదిలేయకుండా, జేబులో పట్టే కార్డు మీద తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసివ్వాలి. మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ న్యూక్లియర్ మెడిసిన్ విభాగం నుంచి బయటికొస్తుంటే కార్డు ఇవ్వకపోయినా అడిగి రాయించుకోండి. మందు పేరు, ఎన్ని మిల్లీక్యూరీలు, ఏ తేదీన ఏ గంటకు ఇచ్చారు, ఆ విభాగం ఫోన్ నంబర్. పెట్ స్కాన్‌కు రెండు రోజులు, బోన్ స్కాన్‌కు వారం, థాలియంకు నెల, అయోడిన్ చికిత్సకు మూడు నెలల పైన ఆ కాగితం మీ వెంట ఉండాలి.